తడుస్తుందని తెలిసీ పరిచిన కంబళి

ఈ రోజు పొద్దున్న, ఆరాధనకు ముందు, మందిరం గుమ్మంలో నిలబడి తడిసిన కంబళిని రెండు చేతులతో పైకెత్తి సంఘమంతటికీ చూపించాను. "ప్రభువు వద్దన్నాడు" అని చెప్పాను. ప్రభువు ఏమీ అనలేదు. ఆ మాట అంటున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. రాత్రంతా మంచు కురిసింది, కంబళి తడిసింది. అంతకు మించి ఏమీ జరగలేదు. చలికాలంలో ఆరుబయట ఏది వదిలినా తెల్లారేసరికి నీళ్లు కారుతుందని మా అరకు లోయలో ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది.

వద్దని నేను చెప్పింది నా తమ్ముడి భార్య పెళ్లి గురించి.

తమ్ముడు కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. ఆమెకు ఇంకా ముప్ఫై నిండలేదు. పుట్టింటికి వెళ్లిపోతుందనుకున్నాం, వెళ్లలేదు. మా ఇంట్లోనే ఉండిపోయింది. మా పక్క ఊళ్లో ప్రభుత్వం ఇళ్లు కట్టిస్తుంటే పాచిపెంట వైపు నుంచి ఒక తాపీమేస్త్రి పనికి వచ్చాడు. అతనికీ భార్య చనిపోయింది. విశ్వాసి. ఆదివారాలు మా మందిరానికి వచ్చి వెనక వరసలో, గోళ్లలో సిమెంటుతో, తలవంచుకుని కూర్చునేవాడు. వాళ్లిద్దరి మధ్య దాపరికం ఏమీ లేదు. సంతలో అందరి ముందే మాట్లాడుకునేవారు. కిందటి వారం ఆమె తిన్నగా నా దగ్గరకే వచ్చింది.

"బావా, ఆయన నన్ను సేసుకుంతానంతన్నాడు. నాకూ ఇష్టమే. నువ్వు సంఘ పెద్దవి. పార్దన సేసి ఏటో సెప్పు" అంది.

ఆమెకు నా అనుమతి అక్కర్లేదు. మా వాళ్లలో మొగుడు పోయిన ఆడది మళ్లీ మనువు చేసుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. మా తాతల కాలంలో అయితే నలుగురు పెద్దలు కూర్చుని, ఇంత కల్లు తాగి, ఆమెకు ఇష్టమేనా అని ఒక్క మాట అడిగి పంపించేసేవారు. ఆ పాత పద్ధతులన్నీ చీకటి అని నేనే ఎన్నోసార్లు బోధించాను. వెలుగులోకి వచ్చాక అక్కడ లేని గుమ్మం ఒకటి కట్టి, దానికి నేనే కాపలా కూర్చున్నాను.

అతను అవిశ్వాసి అయి ఉంటే నా పని తేలికయ్యేది. వాక్యం తీసి చూపించేవాణ్ణి. తాగుబోతు అయినా సరిపోయేది. కనుక్కున్నాను కూడా. వాళ్ల ఊళ్లో తెలిసినవాడికి ఫోన్ చేసి, మేస్త్రి తాగుతాడా, కొడతాడా, అప్పులున్నాయా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. ఆ జవాబు విని నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

కారణం మా అమ్మ. కిందటి వానల్లో అమ్మ కాఫీ తోట ఏటవాలులో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో చూపిస్తే ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదన్నారు. అప్పటి నుంచి మంచం మీదే. అన్నీ మంచం మీదే. పక్కకి తిప్పడం, కడగడం, గుడ్డలు మార్చడం, వీపు పుండు పడకుండా పౌడరు రాయడం, అన్నీ నా తమ్ముడి భార్యే చేస్తుంది. నా భార్య ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో వంట చేస్తుంది. చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది, ఆదివారాలు కూడా. ఇంట్లో మిగిలిన మనిషిని నేను. అమ్మ గదిలోకి రోజూ వెళ్తాను. గుమ్మం దగ్గర నిలబడి ప్రార్థన చేసి వచ్చేస్తాను. వాసనకి ముక్కు ముడుచుకుంటే అమ్మ చూస్తుందేమోనని కళ్లు మూసుకుంటాను. ప్రార్థనకి ఎలాగూ కళ్లు మూసుకోవాలి కదా.

ఆమె వెళ్లిపోతే ఆ పనంతా నాది అవుతుంది. నా భయం అదొక్కటే. దానికి దేవుని చిత్తం అని పేరు పెట్టాను.

కంబళి సంగతి చెప్పాలి. పాత నిబంధనలో ఒకాయన ఉన్నాడు. శత్రువులకు భయపడి, గోధుమలు దాచుకుని దుళ్లగొట్టుకుంటున్నవాణ్ణి దేవుడు యుద్ధానికి పిలుస్తాడు. పిలిచింది నువ్వేనా అని తేల్చుకోవడానికి ఆయన కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి గుర్తు అడుగుతాడు. ఒకప్పుడు ఆ భాగం మీద నేను మందిరంలో మాట్లాడాను. పాస్టరుగారు మా ఊరికి నెలకొకసారే వస్తారు, మిగతా ఆదివారాలు నడిపేది నేనే. ఆ తర్వాత ఎవరో బోరు తవ్వించాలా వద్దా అని అడిగితే, మనమూ అలాగే అడుగుదాం అన్నాను. మాకు గొర్రెలు లేవు. సంతలో కొన్న ఉన్ని కంబళి ఉంది. అది ఎండాకాలం. తెల్లారేసరికి కంబళి పొడిగా ఉంది. తవ్వించమన్నాను, నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో పాటు నా మాటకి విలువ పెరిగింది. అప్పటి నుంచి పెద్ద నిర్ణయం ఏదొచ్చినా మా ఊళ్లో కంబళి పరుస్తాం. ఏం అడగాలో, తడిస్తే ఏమిటో, పొడిగా ఉంటే ఏమిటో చెప్పేది మాత్రం ఎప్పుడూ నేనే.

మా నాన్న గురుమాయి దగ్గరికి వెళ్లేవాడు. చేటలో బియ్యం పోసి, వేళ్లతో కదుపుతూ, ఏ దేవత అలిగిందో చెప్పే ముసలమ్మ ఆమె. ఆమెను నేను ఎన్ని ప్రసంగాల్లో వేళాకోళం చేశానో. ఇప్పుడు తల్చుకుంటే ఒక సంగతి గుర్తొస్తోంది. ఆమె ఒక్కోసారి మా నాన్నకి నచ్చని మాట చెప్పేది. పెంచుకున్న పందిని ఇచ్చెయ్యమనేది, అన్నతో ఉన్న తగువు మానుకోమనేది. నాన్న తిట్టుకుంటూ వచ్చి ఆ పని చేసేవాడు. నా దేవుడు ఇన్నేళ్లలో నాకు ఇష్టం లేని మాట ఒక్కటీ చెప్పలేదు. ఆ ఒక్క సంగతికైనా నాకు అనుమానం రావలసింది.

నిన్న శనివారం సాయంత్రం పొద్దు వాలుతుంటే కళ్లంలో ఎండబెట్టిన కాఫీ పండు కుప్ప చేసి, మంచు తగలకుండా టార్పాలిన్ కప్పాను. అంచుల మీద రాళ్లు పెట్టాను. చలి మొదలైన దగ్గర నుంచి రోజూ చేసే పనే. ఒక్క రాత్రి మరిస్తే గింజ బూజు పడుతుంది. ఆ రాళ్లు పెట్టిన చేతులతోనే కంబళి తీసుకుని మందిరం ముందుకి వెళ్లి, నలుగురి ఎదుట నేల మీద పరిచాను. "ప్రభువా, ఈ పెళ్లి నీ చిత్తమైతే పొద్దున్న ఈ కంబళి పొడిగా ఉండాలి. నీ చిత్తం కాకపోతే తడవాలి" అని గట్టిగా ప్రార్థించాను.

సంఘంలో అందరికంటే ముసలాయన ఒకాయన ఉన్నాడు. అందరం పెద్దయ్యా అంటాం. ఆయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంటూ, "మంచు రోజులు కదరా" అన్నాడు మెల్లగా.

"దేవుడికి అసాధ్యమైంది ఉందా పెద్దయ్యా?" అన్నాను.

భక్తి ఉన్నవాడెవడూ దానికి ఎదురు చెప్పలేడు. అది తెలిసే అన్నాను. ఆమె పక్కనే నిలబడి ఉంది. కంబళి వైపు చూసింది, నా వైపు చూసింది, వెళ్లిపోయింది.

ఈ రోజు పొద్దున్న ఆ మాట చెప్పి కంబళి దించాక అందరూ లోపలికి వెళ్లారు. ఆమె వెళ్లలేదు.

"బావా, ఆ గొర్రెబొచ్చు పరిసినాయన రెండు రాత్రులు అడిగినాడు కదా. రెండో రాత్రి నేల తడవాల, బొచ్చు పొడిగుండాల అన్నాడు. నువ్వేటి ఒక్క రాత్రే అడిగినావు?"

"ప్రభువుని శోధించకూడదమ్మా, పరీక్ష పెట్టకూడదు" అన్నాను.

"ఒక రాతిరి అడిగితే శోదన కాదు, రెండు రాతిర్లు అడిగితే శోదనేటి?"

నేను పాటల పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. పాటలు నేనే ఎత్తుకున్నాను. గొంతు బాగా పలికింది. అది కూడా చెప్పాలి, దాచకూడదు.

ఆరాధన ముగించి ఇంటికి వచ్చేసరికి ఆమె అప్పటికే మా అమ్మను కడిగి, గంజి తాగించి, పెరట్లో పని చూసుకుంటోంది. ఏడవలేదు. నాకు అన్నం పెట్టింది. పెట్టి, "ఆయనకి ఫోన్ సేసి సెప్పీసినాను. దేవుడొద్దన్నాడంట అని" అంది. ఆ 'అంట'ని పళ్లెంలో కూరలా నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

తిని, అలవాటు ప్రకారం అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. కళ్లు మూసుకున్నాను.

"ఎందుకురా కళ్లు మూసుకుంతావు? నన్ను సూడ్నేవా?" అంది అమ్మ.

"ప్రార్థన చేస్తున్నానమ్మా."

"దేవుడొద్దన్నాడంట కదా. ఆ కోడలు గుంట సెప్పినాది."

"అవునమ్మా."

"దేవుడొద్దన్నాడో, నా గుడ్డలు ఉతకడానికి నువ్వొద్దన్నావో నాకు తెల్దేటి? నిన్ను కన్నానురా నాను. సిన్నప్పుడూ అంతే. మేకల కాడికి ఎల్లమంటే కడుపునొప్పనీవోడివి."

నేను గుమ్మం ఇవతలే నిలబడ్డాను.

"నా కంపు తియ్యనేక దేవుణ్ణి అడ్డెట్టుకున్నావు" అంది. తిట్టినట్టు అనలేదు. అలసిపోయినట్టు అంది. "దాని బతుకేటి, నా మంచం కాడ కట్టీసిన మేకేటి? నాను సచ్చీదాకా ఉండాల. అప్పుడు దాన్నెవడు సేసుకుంతాడు? నన్ను బేగి సావమని అది కోరుకోవాలేటి?"

ఆ మాట అని మొహం గోడ వైపు తిప్పుకుంది. మెడ ఒక్కటే ఆమె తనంతట తాను తిప్పుకోగలిగేది.

నేను బయటికి వచ్చి కాఫీ ఎండలో తిరగేస్తూ ప్రార్థించడానికి ప్రయత్నించాను. ప్రభువా, ఇప్పుడు నన్నేం చేయమంటావు, దారి చూపించు అని మొదలుపెట్టాను. రెండో మాట రాలేదు. ఏం చేయాలో నాకు పూర్తిగా తెలుసు. తెలిసి కూడా దారి అడుగుతున్నానంటే ఇంకాసేపు కూర్చోవడానికి అడుగుతున్నానన్నమాట. నడిపింపు కోసం కనిపెట్టాను, దేవుడు దారి చూపేదాకా ఎదురుచూశాను అని నేను సాక్ష్యాలు చెప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నింట్లో నిజంగా నాకు దారి తెలియదు? ఒక్కటి కూడా గుర్తు రాలేదు. ప్రతిసారీ తెలుసు. తెలిసిన దారి కష్టంగా ఉంటే వేరే దారి ఏదైనా ఉందేమోనని దేవుణ్ణి అడిగేవాణ్ణి. ఆయన ఊరుకుంటే ఆ మౌనం నిండా నా మాటలు పోసుకునేవాణ్ణి. ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదని అనను. ఇప్పుడు అమ్మ గదిలోంచి మాట్లాడి ఉండొచ్చు. అలాగని చెప్పడానికి కూడా నాకు భయంగా ఉంది. మళ్లీ ఆయన పేరు వాడుకున్నట్టు అవుతుంది.

పెరట్లోకి వెళ్లాను. ఆమె కొళాయి కింద గుడ్డలు జాడిస్తోంది.

"పొద్దున్న నేను చెప్పింది అబద్ధం" అన్నాను.

ఆమె చేతులు ఆపలేదు. "ఏది అబద్దం?"

"దేవుడు వద్దన్నాడన్నది. నాకేమీ వినపడలేదు. మంచు పడుతుందని తెలిసే పరిచాను."

"నాకూ తెలుసు బావా."

"తెలిస్తే మరి అప్పుడే అందరిలో అనలేదేం?"

అప్పుడు చేతులు ఆపింది. "ఏటని అంతాను? దేవుడు సెప్పినాడని నువ్వన్నాక కాదన్డానికి నానెవర్తిని? మొగుడు కోసం దేవుణ్ణి కాదన్నాదంతారు." గుడ్డ పిండి తీగ మీద వేసింది. "ఇప్పుడు సెప్పు. ఎల్లమన్డం నీ మాటా, దేవుడి మాటా?"

"నా మాట. దేవుడి మాట ఏమిటో నాకు తెలీదు. నీకు ఇష్టమైతే వెళ్లు. అంతే."

"ఎంత సులువు నీకు!" అంది. "పొద్దున్న ఒక నోరు, మద్దేనం ఒక నోరు. ఆయన సామాన్లు సర్దుకుంతన్నాడు, సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాడు. నాను మళ్లీ ఫోన్ సెయ్యను. నాకు సిగ్గుంది. నువ్వే ఎల్లి సెప్పు."

బైకు తీసుకుని పక్క ఊరికి వెళ్లాను. సగం కట్టిన ఇంటి ముందు మేస్త్రి తాపీలూ మట్టసం కర్రా గోనెసంచిలో పెట్టి కడుతున్నాడు. నన్ను చూసి "ప్రైజ్ ద లార్డ్ అన్నా" అన్నాడు. అలవాటుగా అన్నాడు, తల ఎత్తకుండా. నేను తిరిగి ఆ మాట అనలేకపోయాను. జరిగింది చెప్పాను. అమ్మ సంగతి కూడా చెప్పాను, నేను ఎందుకు వద్దనుకున్నానో దాచకుండా.

అతను సంచి ముడి బిగించాడు. "రేపు ఎల్లుండి మళ్లీ దేవుడు మాట మారుస్తాడేటి?"

"దేవుడు మార్చలేదు. ఆయన అసలు మాట్లాడలేదు. మాట్లాడింది నేనే."

"మా ఆడది పోయినపుడు" అన్నాడతను, "మీలాంటోడే ఒకాయన మా ఊల్లో, దేవుడు నీకేదో నేర్పిత్తన్నాడు అన్నాడు. ఏటి నేర్పినాడో ఇప్పటికీ తెల్లేదు. అప్పట్నుంచి దేవుడిలాగన్నాడు, అలాగన్నాడు అంటే నాను సెవిన ఎట్టుకోను. కానీ ఆమె నమ్మకస్తురాలు. ఆమె మనసులో ముల్లుంటే నాతో ఎలాగుంతాది?" గోనెసంచి పక్కకి జరిపి అన్నాడు, "అందరి ముందూ వద్దన్నాడని సెప్పినావు. అందరి ముందూ సెప్పు. నాను ఈ బస్సుకెల్లను. వచ్చి నా సెవుల్తో ఇంతాను."

అదే నేను తప్పించుకుందామనుకున్నది. ఆమెకు చెప్పేశాను, అతనికి చెప్పేశాను, చాలు అనుకుంటూ వచ్చాను దారంతా.

ఊరికి వచ్చి మందిరం ముందు గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్కను కొట్టాను. ఆరాధన వేళ కాదు, ఎవరో చనిపోయారనుకుని అందరూ పరుగున వచ్చారు. పొద్దున్న నిలబడ్డ గుమ్మంలోనే నిలబడ్డాను. మేస్త్రి కంచె పక్కన ఆగాడు. ఆమె రాదేమో అనుకున్నాను, వచ్చింది. ఆడవాళ్ల వెనక నిలబడింది.

చెప్పాను. పొద్దున్న పలికిన గొంతు ఇప్పుడు పలకలేదు. కంబళి తడుస్తుందని తెలిసే అలా అడిగానని, మా అమ్మ చాకిరీ నా మీద పడుతుందని భయపడ్డానని, దేవుడు ఆమెకు ఏ అడ్డమూ చెప్పలేదని చెప్పాను. ఆమె ఇష్టమే ఆమె నిర్ణయం అన్నాను.

పెద్దయ్య ముందుకి వచ్చాడు.

"అయితే మా మనవరాల్ని నర్సు సదువుకి పంపమంతావా అని అడిగినపుడు, కంబళి తడిసింది, పంపొద్దన్నావు. అదేటి?"

ఆ పిల్ల నాకు గుర్తుంది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. ఇప్పుడు కొయ్యూరు వైపు పెళ్లై, చంకలో బిడ్డతో ఉంది. పట్నానికి వెళ్తే విశ్వాసం పోగొట్టుకుంటుందని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. మా ఇంటి పిల్లలెవరూ అంత చదవలేదన్న సంగతి చెప్పుకోలేదు.

"అదీ మంచుకి తడిసిందే పెద్దయ్యా" అన్నాను.

ఆయన చెవి మీది చుట్ట తీసి కింద పడేశాడు. "దాని బతుకు ఎవడు తిరిగిత్తాడు? నువ్విత్తావా? నీ కంబలిత్తాదా?" అన్నాడు. ఆ పిల్లకి నేను చేయగలిగింది ఏదీ లేదు. క్షమించమని అడగబోయాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. "పాస్టరుగారికి సెప్పాల" అని ఒకామె అంది. చెప్పమన్నాను. ఇకమీద నేను సంఘ పెద్దగా ఉండనని, ఎవరి గురించీ దేవుణ్ణి అడిగి చెప్పనని అన్నాను. ఎవరూ వద్దనలేదు. ఎవరైనా వద్దంటారేమోనని ఒక్క క్షణం చూశాను. ఆ చూపు కూడా నాదే, ఒప్పుకుంటున్నాను.

జనం చెదిరిపోయారు. మేస్త్రీ ఆమే కంచె దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినపడలేదు. ఆమె చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగానే అంటోంది, అతను తల వంచుకుని వింటున్నాడు. చేసుకుంటుందో లేదో నాకింకా తెలియదు. అది ఇప్పుడు వాళ్ల సంగతి. కానీ ఆమె ఉండాలన్నా వెళ్లాలన్నా మా అమ్మ మంచం ఆమెకు కారణం కాకూడదు. అది నాలుగు మాటలు చెప్పినంత మాత్రాన తీరేది కాదు.

ఇంటికి వచ్చి పొయ్యి మీద నీళ్లు పెట్టాను. బకెట్లో పోసి, తువ్వాలు, పాత చీర ముక్కలు తీసుకుని అమ్మ గదిలోకి వెళ్లాను. గుమ్మం దాటి.

"కోడల్ని పిలు" అంది అమ్మ.

"నేనే చేస్తానమ్మా. ఇక రోజూ నేనే చేస్తాను."

"నువ్వేటి సేత్తావురా! మగోడివి. నాకు సిగ్గురా. పో."

"పోనమ్మా."

అమ్మ కాసేపు తిట్టింది. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకుని ఊరుకుంది. ఎలా ఎత్తాలో తెలియక తుంటి మీద చెయ్యి వేశాను, నొప్పికి అరిచింది. చెయ్యి తీసి భుజం కింద పెట్టి మళ్లీ తిప్పాను. వాసన వచ్చింది. కళ్లు తెరిచే ఉంచాను. తువ్వాలు ముంచి ఆమె వీపు తుడవడం మొదలుపెట్టాను. నీళ్లు వేడెక్కువయ్యాయని మళ్లీ తిట్టింది. చల్లనీళ్లు కలిపి, తువ్వాలు పిండి, మళ్లీ తుడిచాను.